ఇంజనీరింగు విద్యార్థులకు భౌతికశాస్త్రబోధ

(వార్షిక మహాసభ రెండవనాటి ఉపన్యాసము)



ఈ మహాసభయందు విద్యావిషయమునుగూర్చి ప్రసంగింపవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు, వారు మానుండి సంస్కృతభాషా ప్రాశస్త్యమును గూర్చియో, కావ్యపఠనమును గూర్చియో నాలుగు మాటలు ఆశించియుందురు. మేము ఎన్నుకొనిన విషయము విని వారు కొంత వెఱగుపడిరి. ముప్పదినాలుగేండ్లు ఉన్నతపాఠశాలలో శబ్దములును ధాతువులును వల్లెవేయించిన పండితునకు భౌతికశాస్త్రముతో నేమి పనియని మీలో పలువురకు తోచుటయు సహజమే. మేము ఆ శాస్త్రమును చదివినవారము కాము; దానిని చదువలేక చెడిన పిల్లలను చూచినవారము. ఆ యధికారముతోనే మాటాడుచున్నాము.

ఉద్యోగవిరమణానంతరము మన సంఘమువారు మచిలీపట్టణములోని విద్యార్థి వసతిగృహమున సాయంకాలములందు పిల్లలను కనిపెట్టియుండు పని మాకు అప్పగించిరి. గుడివాడ, పెడన, అవనిగడ్డ, నాగాయలంక ప్రాంతముల పిల్లలందున్నారు. వారిలో నధికులు ఇంజనీరింగు మొదటి సంవత్సరమువారు. ఒకప్పుడు ఈ చదువునకు మన పిల్లలు కాకినాడకో విశాఖపట్టణమునకో పోవలసియుండెడిది. 1998లో గుడ్లవల్లేరున ఇంజనీరింగు కళాశాల వెలసినది. 2008లో మచిలీపట్టణమున కృష్ణా విశ్వవిద్యాలయ మేర్పడినది. నేడు కళాశాలలో చోటు దొరకుట కష్టము కాదు. చోటు దొరకిన పిదప మొదటి యేటనే కాలుజాఱు పిల్లల మాట మన సభలలో ఎవరును ఎత్తుట లేదు. ఆ జాఱుడు తఱచుగా భౌతికశాస్త్రమునొద్దనే ప్రారంభమగుచున్నది.

ఒక బాలుని కథ చెప్పెదము. అందు దోషము మాదే గనుక చెప్పుటకు సంకోచము లేదు.

ఇరువదియేండ్లకు పైబడిన మాట. దివిసీమనుండి వచ్చిన యొక బాలుడు మా పాఠశాలలో పదవతరగతి చదువుచుండెను. సైన్సు ఉపాధ్యాయులు సెలవులో నుండుటచే ఒకనాడు ఆ గంట మేము తరగతిలో కూర్చుంటిమి. పుస్తకమున న్యూటనుగారి మూడవ నియమము వచ్చినది. చర్యయు ప్రతిచర్యయు సమానములు, వ్యతిరేకములు అని పిల్లలచే మూడుమారులు చదివించితిమి. ఆ బాలుడు లేచి, “మాస్టారండీ, ఎద్దు బండిని ఎంత లాగితే బండీ ఎద్దుని అంతే వెనక్కి లాగుతుందన్నారు గదా, మరి బండి ఎలా కదులుతుందండీ?” అని అడిగెను. మాకు సమాధానము తెలియదు. తెలియదని చెప్పుటకు నోరు రాలేదు. “ముందు మార్కులు తెచ్చుకోరా, అనుమానాలు తరవాత తీర్చుకోవచ్చు” అంటిమి. తరగతి నవ్వెను. వాడు కూర్చుండెను. మా యెఱుకలో వాడు మఱల ఏ గంటలోను ప్రశ్న అడుగలేదు.

పదవతరగతిలో వాడు పాఠశాలకు ప్రథముడయ్యెను. పిమ్మట ఇంటరుమీడియెటు రెండేండ్లు ఒక వసతి కళాశాలలో ఉదయము నాలుగింటినుండి రాత్రి పదింటివఱకు చదివెను. ప్రవేశపరీక్షలో మంచి స్థానమే వచ్చినది. మన సంఘము విద్యార్థివేతన మిచ్చి ఇంజనీరింగునకు పంపిన మొదటి పిల్లలలో వాడొకడు. ఆ యేటి సంచికలో వాని ఛాయాపటము అచ్చయినది. తండ్రి అరయెకరము అమ్మి తక్కిన రుసుము కట్టెను. మొదటి యేట భౌతికశాస్త్రమున తప్పెను. మఱల వ్రాసి మఱల తప్పెను. ఆ బరువు మీద వేఱు బరువులు చేరగా, రెండేండ్లకు పెట్టె సర్దుకొని ఇంటికి వచ్చెను. తరువాతి సంచికలలో వాని ప్రసక్తి లేదు.

మార్కులు తెచ్చుకొనిన పిల్లవాడు అట్లేల తప్పవలెను? ఈ ప్రశ్న మమ్ము చాలకాలము వదలలేదు. వసతిగృహమున పిల్లల ప్రక్కన కూర్చుండిన పిదప కొంత తెలిసినది. ఇంటరుమీడియెటులో వారికి అబ్బినది, ప్రశ్నను చూచినంతనే దానికి తగిన సూత్రమును గుర్తుపట్టు నేర్పు. నాలుగు సమాధానములలో నొకటి ఎన్నుకొనుటకు ఆ నేర్పు చాలును. కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆచార్యులుగా పనిచేసిన హెచ్.సి.వర్మగారు 1992లో ప్రకటించిన భౌతికశాస్త్ర గ్రంథము మన పిల్లలలో అనేకుల పెట్టెలలో కలదు. స్వల్పవ్యయముతో ప్రయోగములు చేసి చూపవలెనని ఎంతయో పాటుపడిన ఆ మహాశయుని పుస్తకమునుండి సైతము మనవారు లెక్కలు మాత్రము తీసికొని తక్కినది వదలినారు.

కళాశాలలో ప్రయోగశాల కలదు గదా యందురు. కలదు. న్యూటను వలయముల ప్రయోగమును మా పిల్లలు చేసిన విధము వినుడు. సోడియము దీపపు వెలుగుయొక్క తరంగదైర్ఘ్యము 589.3 నానోమీటరులని పుస్తకమున నున్నది. అది ముందే తెలిసినది గనుక, ఆ సంఖ్య వచ్చునట్లుగా వలయముల వ్యాసములను వెనుకనుండి గణించి రికార్డులో వ్రాసికొందురు. సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టిన వాడొకడు, వ్రాసికొనినవారు పదిమంది. “వలయముల నడుమ నల్లని చుక్క యేల యున్నదిరా?” అని మేము అమాయకముగా అడిగితిమి. అందఱును మా ముఖము చూచిరి. కటకమునకును గాజుపలకకును నడుమ పలుచని గాలిపొర యున్నదనియు, దాని పైయంచునను క్రిందియంచునను తిరిగివచ్చు రెండు వెలుగులు కలిసి ఒకచోట వెలుగుగను ఒకచోట చీకటిగను అగుననియు, అవి తాకు నడిమిచోట క్రిందినుండి వచ్చు వెలుగు తలక్రిందైనందున రెండును ఒకదానినొకటి చెఱుపుకొనుననియు పట్టణములోని యొక ఉపన్యాసకులనుండి మేము తరువాత తెలిసికొంటిమి. ఈ వయసున ఆ నల్లచుక్కను కంటితో చూచినప్పుడు మాకు కలిగిన యానందము ఇంతయని చెప్పజాలము. రికార్డు వ్రాసిన పిల్లలకు అది దక్కలేదు.

ఇచట మా శాస్త్రమును కొంచెము తేనిండు. మన పెద్దలు ఏ శాస్త్రమును చెప్పినను సిద్ధాంతముతో ఆరంభింపలేదు. ముందు పూర్వపక్షమును నిలిపిరి. ఎదుటివాడేమి తలచుచున్నాడో, ఎందుకట్లు తలచుచున్నాడో వానికంటె బలముగా చెప్పి, పిదప దానిని ఖండించి, సిద్ధాంతమునకు వచ్చిరి. పూర్వపక్షమును తేలగా చెప్పువానిని పండితుడనలేదు. మఱియు దృష్టాంతము ఎదుటివాడు ఎఱిగినదై యుండవలెను. కొండపై పొగను చూచి అగ్ని కలదని ఊహించుటకు తర్కశాస్త్రము వంటయింటిని దృష్టాంతముగా చూపినది. వంటయిల్లు చూడనివాడు లేడు గదా! నేటి భౌతికశాస్త్ర తరగతిలో సిద్ధాంతము మొదటి నిమిషముననే పలకమీదికి వచ్చును. పిల్లవాని పూర్వపక్షమును ఎవరును అడుగరు. అది వాని మనసులో అట్లే యుండును. దానిపై సూత్రము పూతవలె నిలుచును. మాకు తోచిన లోపమిది యొక్కటే. తక్కినవన్నియు దీని సంతానము.

ఇది మా కల్పన కాదు. 1992లో అమెరికాలో హెస్టెనీసు అను ఆచార్యుడును అతని సహచరులును బలమును, చలనమును గూర్చి ఒక చిన్న ప్రశ్నపత్రమును ప్రకటించిరి. అందు లెక్కలు లేవు. పెద్ద లారీయు చిన్న కారును ఢీకొనినప్పుడు దేనిపై దేని బలము ఎక్కువ? ఇట్టి ప్రశ్నలే. హార్వర్డు విశ్వవిద్యాలయమున మజూరు అను ఆచార్యుడు తన విద్యార్థులకు దీని పూర్వరూపమును ఇచ్చెను. ఒక విద్యార్థిని లేచి, మీరు చెప్పిన ప్రకారము వ్రాయవలెనా, మేము మామూలుగా తలచు ప్రకారము వ్రాయవలెనా అని అడిగినదట! మజూరుగారికి అప్పుడు కన్ను తెఱచుకొనినది. ఆయన 1991నుండి ఉపన్యాసమును తగ్గించి, నడుమ నడుమ ఒక ప్రశ్న వేసి, ఎవరి సమాధానము వారు నిర్ణయించుకొనిన పిదప ప్రక్కవానితో వాదింపజేయు పద్ధతిని అవలంబించెను. మన వాదమునకు ఇది దూరపు చుట్టమే. 1998లో హేకు అను మఱియొక ఆచార్యుడు 62 తరగతులలో 6,542 మంది విద్యార్థుల ఫలితములను పోల్చి చూచెను. మొదట తెలియని దానిలో, వినుట మాత్రమే యున్న తరగతులవారు సగటున నూటికి 23 పాళ్లు నేర్చిరి. వాదించి, చేసి చూచిన తరగతులవారు 48 పాళ్లు నేర్చిరి. రెట్టింపునకు మించినది.

ఒక సాయంకాలము మేమును ప్రయత్నించితిమి. ఆనాడు 1977 నవంబరు 19 ఉప్పెన మాట వచ్చినది. అప్పుడు మేము ఉన్నతపాఠశాలలో చదువుచుంటిమి. దివిసీమలో నీరు తీసిన పిదప చూచిన దృశ్యమును ఈ సభలో వర్ణింపనక్కఱలేదు. మీలో అనేకుల యిండ్లలో ఆ రాత్రి పోయినవారున్నారు. “సముద్రము అంత యెత్తు ఏల లేచినది?” అని పిల్లలను అడిగితిమి. తుపాను నడుమ గాలిపీడనము తగ్గును గనుక సముద్రము పైకి పీల్చబడినదని అందఱు నొక్కకంఠముతో చెప్పిరి. మేము కాదనలేదు. “మంచిది. ఎంత పీల్చబడునో లెక్కకట్టుడు” అంటిమి. పీడనమును నీటి సాంద్రతచేతను గురుత్వ త్వరణముచేతను భాగించవలెనని వారికి తెలియును. ఉప్పునీరు ఘనమీటరునకు 1025 కిలోగ్రాములు. ఒక హెక్టోపాస్కలు తగ్గినచో నీరు లేచునది ఇంచుమించు ఒక్క సెంటీమీటరు! మహాతుపానులో డెబ్బది హెక్టోపాస్కలులు తగ్గినను డెబ్బది సెంటీమీటరులే. ఆనాడు లేచినదో, రమారమి 5 మీటరులు. పిల్లలు నిశ్శబ్దులైరి. తక్కిన నీరెచటిది? నాగాయలంకనుండి వచ్చిన యొకడు, ఒడ్డున సముద్రము లోతు తక్కువ యనియు, గాలి నీటిని నెట్టుకొనివచ్చినచో అడుగున తిరిగిపోవుటకు దానికి చోటుండదనియు మెల్లగా చెప్పెను. లోతైన సముద్రమున నెట్టిన నీరు క్రిందుగా మఱలిపోవును; మెఱక తీరమున గుట్టపడును. వాడు దీనిని ఏ పుస్తకమునను చదువలేదు, చేపలపడవలో నేర్చినాడు. ఆ రాత్రి పదకొండింటివఱకు ఎవరును లేవలేదు. పీడనపు సూత్రమును వారు ఇక మఱతురని మేము తలపము.

మన సీమ యంతయు ఇట్టి దృష్టాంతములతో నిండియున్నది. పులిగడ్డయొద్ద కాలువ ఏటిమీదుగా దాటి దివిసీమకు నీరిచ్చుచున్నది. ఆ ఆక్విడక్టు స్తంభములపై ఎంత బరువు పడుచున్నదో మన సివిల్ విద్యార్థి ఒక్కడైనను లెక్కించెనా? మచిలీపట్టణమున వాతావరణశాఖవారి డాప్లరు రాడారు తుపానుగాలి వేగమును కొలుచుచున్నది. దాని మూలసూత్రమును వినగోరువారు గుడివాడ దారిలో ఏ రైలుగేటుకడనైన నిలువబడి, దాటిపోవు బండి కూత దగ్గఱకు వచ్చునప్పుడు సన్నమై, పోవునప్పుడు మందమగుట వినవచ్చును. చిలకలపూడి రోల్డుగోల్డు పనివారు తొట్టిలో విద్యుత్తును పంపి రాగినగపై పూత ఎక్కించుదురు. ఎంత విద్యుత్తు ఎంతసేపు పోయినచో పూత అంత మందమగునని ఫారడే చెప్పిన నియమము వారి చేతులలో నున్నది. విద్యుత్తు మితిమీఱినచో పూత మాడునని వారికి తెలిసినంతగా మన విద్యార్థులకు తెలియదు. ఆ పనివారిని ఒక్కనాడైనను కళాశాలకు పిలిచి పీట వేసినవారు లేరు.

ఈ పట్టణమునకిది క్రొత్త మాటయు కాదు. 1910లో కోపల్లె హనుమంతరావుగారు ప్రభృతులు ఇచట ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించినప్పుడు చదువును చేతిపనిని ఒక్కచోట చేర్చవలెననుట వారి సంకల్పములలో నొకటి. 1926లో ఇచటనే ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ వెలసి శాస్త్రపరికరములను తయారుచేసినది. 1983లో భారత్ ఎలక్ట్రానిక్సు సంస్థ దానిని చేపట్టినది. రాత్రివేళ చూపునొసగు దృక్సాధనములకు ఆ శాఖ పేరుపొందినది. ప్రయోగశాలల తక్కెడలును కటకములును తయారైన బందరులోనే మన పిల్లలు వాటిని ముట్టుకొనక పట్టములు పొందుచున్నారు. దీనికంటె వింత యేమున్నది?

భాషనుగూర్చి ఒక మాట. ఇది మా సొంత పొలము. తెలుగులో చదివి ఇంగ్లీషు తరగతిలో కూర్చుండిన పిల్లవాడు మొదటి మూడునెలలు మాటలు తెలియక, తరువాత మూడునెలలు సిగ్గుచేత మౌనముగా నుండును. అంతటితో ఆ పాఠ్యభాగము ముగియును. కొన్ని భారతీయభాషలలో ఇంజనీరింగు చెప్పవచ్చునని 2021లో అఖిలభారత సాంకేతిక విద్యామండలివారు అనుమతించిరి. అందు తెలుగు కలదు. సంతోషమే. కాని తెలుగులో చెప్పినంతమాత్రమున తెలియుననుట భ్రమ. బలము, శక్తి, సామర్థ్యము అను మూడు మాటలను మావంటి సంస్కృతజ్ఞులు శాస్త్రమునకు అరువిచ్చిరి. ఇంటిలో ఈ మూడును ఒక్కటే. “వానికి బలము లేదు, శక్తి లేదు” అని అవ్వ అనును. శాస్త్రములో అవి మూడు వేఱువేఱు వస్తువులు, వేఱువేఱు కొలతలు. “పని” అను మాట మఱింత చిక్కు. ధాన్యపుబస్తా నెత్తికెత్తుకొని కదలక నిలిచినవాడు బస్తాపై చేసిన పని సున్న యని పిల్లవాడు పరీక్షలో వ్రాయును. మనసులో నమ్మడు, ఏలయన వాని మెడ నొచ్చినది. కండరములలోని పోగులు క్షణక్షణము ముడుచుకొనుచు సడలుచు శక్తిని వెచ్చించి వేడిగా మార్చుచున్నవని, ఆయాసము అందుచే కలుగుచున్నదని, బస్తా మాత్రము ఆ శక్తిలో నేమియు పొందలేదని చెప్పినచో వాని మెడయు శాస్త్రమును రెండును నిలుచును. అట్లు చెప్పుటకు ఇంటిభాషయు కావలెను, శాస్త్రభాషయు కావలెను, ఆ రెండింటి నడుమ తిరుగుటకు తీరికయు కావలెను.

తీరిక లేదనియే ఉపన్యాసకులు చెప్పుచున్నారు. వారిని నిందింపము. ఇంజనీరింగు కళాశాలలో భౌతికశాస్త్రోపాధ్యాయుడు పెండ్లివారింట దూరపుబంధువువంటివాడు. మొదటి యేడు గడచినతోడనే విద్యార్థులు అతనిని మఱతురు. పాఠ్యభాగము పెద్దది, గంటలు తక్కువ, తరగతిలో పిల్లలు ఎక్కువ. మేము కలిసినవారిలో మంచివారే అధికులు. ఒకరు మాత్రము, “వాదోపవాదములు పెట్టినచో సిలబసు ఎవరు ముగించెదరండీ?” అని కోపగించిరి. ముగిసినది సిలబసేగాని చదువు కాదని అనవలెనని నాలుక చివరకు వచ్చినది. వారు మాకంటె చిన్నవారైనను అలసియున్నారని ఊరకుంటిమి.

కళాశాలలను మార్చుట మన సంఘమువలన కాదు. మనవలన నగు పని యొకటి కలదు. ప్రవేశపరీక్ష ముగిసినది మొదలు కళాశాల తెఱచువఱకు పిల్లలకు కొన్ని వారములు చేతిలో నుండును. ఆ వారములలో వసతిగృహమున ముప్పదిమందిని కూర్చి, రోజునకొక ప్రశ్న చొప్పున నడుపుదము. ఉదయము పూర్వపక్షము, మధ్యాహ్నము చేసి చూచుట, సాయంకాలము లెక్క. మార్కులుండవు. దీనికి ఒక గది కావలెను. ఘటములు, చిన్నదీపములు, రాగితీగ, అయస్కాంతములు, కప్పీలు, తక్కెడ, స్టాపువాచీలు, కటకములు, ఒక సోడియము దీపము, ఒక పాత మోటారు కావలెను. ఏటేట మొదటి స్థానములు పొందినవారికి మనమిచ్చు వెండిపళ్లెములును శాలువలును రెండేండ్లు ఆపినచో ఈ వ్యయము సరిపోవునని కోశాధికారిగారితో కూర్చుండి చూచితిమి. పళ్లెముల దాతలు ఈ సభలోనే యున్నారు. వారు మన్నింతురని నమ్మిక. పళ్లెము పొందిన పిల్లలలో ఎందఱు పట్టము వఱకు పోయిరో గత సంచికలను తిరుగవేసి చూడవలసినదని వారిని వినయముతో కోరుచున్నాము.

ఆ దివిసీమ బాలుని మాట మిగిలినది. క్రిందటి మాఘమాసమున నాగాయలంకవైపు పోయినప్పుడు ఒక రొయ్యలచెఱువు గట్టుమీద వాడు కనబడెను. ఏరియేటరుల మోటారులన్నియు వాని పోషణలోనివే. మూడు ఫేజులలో ఒకటి తప్పినచో మోటారు మూలుగునుబట్టి చీకటిలోనే కనిపెట్టునట. మమ్ము చూచి నమస్కరించి, టీ తెప్పించి, కొంతసేపటికి నవ్వుచు, “మాస్టారండీ, ఇంతకీ బండి ఎలా కదులుతుందండీ?” అనెను. ఇరువదియేండ్లు! ఆనాడును మాకు సమాధానము తెలియదు. పట్టణమునకు వచ్చి ఆ ఉపన్యాసకుల నాశ్రయించి నేర్చుకొని, మఱుసటి ఆదివారము పోయి చెప్పితిమి. ఎద్దు బండిని లాగు బలము బండిమీద పనిచేయును. బండి ఎద్దును లాగు బలము ఎద్దుమీద పనిచేయును. రెండును సమానములేగాని ఒకే వస్తువుపై పడవు గనుక ఒకదానినొకటి చెఱుపవు. బండి కదలుట, దానిపై లాగుడు చక్రముల రాపిడిని మించినందున. ఎద్దు ముందునకు పోవుట, గిట్టతో అది నేలను వెనుకకు త్రొక్కగా నేల దానిని ముందునకు నెట్టుటచేత. వాడు కొంతసేపు ఆలోచించి, “అందుకేనాండీ, రేగడి బురదలో గిట్ట జారితే ఎంత బలమైన ఎద్దయినా బండిని కదపలేదూ!” అనెను. ఆ మాట మాకు తోచలేదు, ఆ ఉపన్యాసకులును చెప్పలేదు.

వేసవి తరగతులకు ఆదివారములందు వచ్చి మోటారు విప్పి చూపుటకు వాడు అంగీకరించినాడు. బస్సుఖర్చు తప్ప మఱేమియు వలదనినాడు. తీర్మానమును రేపు ఉదయము విషయనిర్ణయసభలో ప్రవేశపెట్టుచున్నాము. బలపఱచువారు తమ పేరులను ఈ రాత్రియే కార్యదర్శిగారికి ఇయ్యగోరుచున్నాము.